గంట దొరికినాదా?

మోటరు కాలి వచ్చినోళ్ళు
మక్తల్ల మా దుకాణం అరుగు మీద కూసుంటరు.
రాగి తీగ చుట్టుకుంట చుట్టుకుంట
వాళ్ళకు నేనొక పట్నం ముచ్చట చెప్తుంట.
ఆ పట్నంల నేను అడుగు పెట్టలే.

పన్నెండేండ్లు ఓడల
ఇంజను కాడ నూనె పోసినోన్ని.
నా పై మంచం నెమేసియోది.
ఫిలిప్పీన్స్‌ల సముద్రం ఒడ్డున వాని ఊరు.
ఊరి పేరు మూడు తీర్ల పలుకుతుండె:
స్పెయినోళ్ళు పెట్టినది, కాగితాలల్ల రాసేది,
వాళ్ళమ్మ పిలిచేది.

ఒకపారి మా ఓడ ఆ ఊరి ముంగట్నే లంగరేసింది.
దిగనీయలే.
రాత్రంత కమ్మీలు పట్టుకొని నిలబడి
లైట్లు ఒక్కొక్కటి చూపిచ్చుకుంట చెప్పిండు.

"అగో, ఎర్రగ మినుకుమంటున్నది దీపస్తంభం.
దాని పక్కకు ఉత్త చీకటి ఉన్నది చూడు, అది చర్చి.
పగడపు రాళ్ళు,
గుడ్ల తెల్లసొన కలిపిన సున్నం.
గోపురం ఎక్కి కాపలా కాసేటోళ్ళు,
దొంగ పడవలు కనపడితే గంట కొట్టేటోళ్ళు.
తెల్లసొనంత గోడకు పాయె గద,
పచ్చసొనతోని మిఠాయి చేసుడు నేర్చిండ్రు
మా ఊరి ఆడోళ్ళు."

"గంటేది మరి?" అన్న.

"జపానోళ్ళు వచ్చినప్పుడు
కరిగిచ్చి తూటాలు చేస్తరని
బడిపంతులు సెవెరీనో, ఇద్దరు జాలర్లు
రాత్రికి రాత్రి దించి పాతిపెట్టిండ్రు.
తెల్లారి పంతులును పట్కపోయిండ్రు.
జాలర్లు వేటకు పోయి రాలే.
లడాయి అయిపాయె,
గంట యాడున్నదో చెప్పేటోడు లేకపాయె.
ఇంటికి పునాది తవ్వినా, పీనుగుకు గుంత తవ్వినా
మావోళ్ళు నడుమ నడుమ ఆగి ఇంటరు,
గడ్డపార యాడన్న ఖంగుమంటదేమో అని."

మంత్రసాని బసియాంగ్ ముచ్చట చెప్పిండు.
తుఫాను నీళ్ళు నడుములోతు ఇంట్లకొస్తే
బల్ల మీద బల్ల ఏసి కాన్పు చేసిందట.
ఆ పుట్టినోడు వీడే.
ఆమెకు విగ్రహం లేదు.
బజారు నడుమ విగ్రహం ఒక గవర్నరుది.
ఆయనేం చేసిండ్రా అంటే
"గుర్రమెక్కిండు" అన్నడు.

జరసేపాగి అడిగిండు:
"మీ ఊర్ల ఏమున్నది, కురుమా?"

నోరు పెగలలే.
కృష్ణ ఉన్నది, ఎండకాలమొస్తే బండలే బండలు.
గొప్పోళ్ళా?
మా తాత సాగరు కట్టకు రాయి మోసిండు,
యాడ కాలువ తవ్వినా మా వాడకట్టు కదిలి పోయేది,
సంకన పిల్లలు, నెత్తిన తట్టలు.
ఏ కట్ట మీదా ఒక్కరి పేరు లేదు.
"మా ఊరోళ్ళు తవ్వుతరు" అన్న.
"దేశమంత తవ్విండ్రు."

నవ్వుతడనుకున్న. నవ్వలే.
"ఐతే మా ఊరికి పంపకపోయిండ్రు" అన్నడు,
"గంట ఎప్పుడో దొరుకుతుండె."

చెప్పుడు అయ్యేసరికి చుట్టుడు అయితది.
వార్నిష్ ఆరేదాక ఇంకింత చెప్తా.
జక్లేరు సంగప్ప
ఆ మిఠాయిల బెల్లమా చక్కెరా అని
నాతోని రెండు సార్లు పంచాతి పెట్టుకున్నడు.
ఊట్కూరు తాయమ్మకు
గోపురం మెట్లెన్నో నాకంటె మంచిగ తెలుసు.

మొన్న అటు దిక్కు పెద్ద తుఫానని టీవీల చూపెట్టిండ్రు.
కొబ్బరి చెట్లు, రేకులు, పడవలు,
అన్నీ ఒక్క కుప్ప.
గోపురం యాడన్న కనపడతదేమోనని
కండ్లార్పకుండ చూసిన.
నెమేసియోకు పంపిన మెసేజికి
ఇప్పటికీ ఒక్క టిక్కే.

నిన్న తాయమ్మ మోటరు మల్ల తెచ్చింది.
మూడొందల అడుగుల బోరు,
నీళ్ళడుగంటి ఉత్తగ తిరిగి తిరిగి కాలింది.
అరుగు మీద కూలబడి, కొంగుతోని మొకం తుడుసుకొని,
కర్సెంతయితదని కూడ అడగకుండ,
"వాళ్ళ గంట దొరికినాదా, బిడ్డా?"

"తవ్వుతనే ఉన్నరవ్వా" అన్న.
కాలిన తీగ వాసన కొడుతున్నది.
పాతదంత కోసి
మొదటి చుట్టు మొదలువెట్టిన.